పది లక్షల కార్డు ఉన్నా అడ్వాన్స్ ఎందుకు అడుగుతున్నారు?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఇదే పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది, పరిమితి 25 లక్షలు. సభల్లోనూ ఫ్లెక్సీల మీదా ఈ అంకెలే వినిపిస్తాయి, కనిపిస్తాయి. అయినా ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే చాలా కుటుంబాలు ఆసుపత్రికి బయల్దేరే ముందే అప్పు కోసం ఫోన్లు మొదలుపెడతాయి. కార్డు జేబులోనే ఉంటుంది, అది పని చేస్తుందన్న నమ్మకం మాత్రం ఉండదు.

ఆ అపనమ్మకానికి కారణం ఉంది. "ఎన్ని లక్షల కార్డు" అన్న ప్రశ్నకు జవాబు అందరికీ తెలుసు. "ఈ జబ్బుకు, ఈ ఆసుపత్రిలో, ఈ మనిషికి ఇది వర్తిస్తుందా" అన్న ప్రశ్నకు జవాబు కౌంటర్ దగ్గరికి వెళ్లేదాకా తెలియదు. పరిమితి పెరిగినంత మాత్రాన ఈ రెండో ప్రశ్న తేలిక కాదు. పథకం లోపల ఏముందో చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఎక్కడ మొదలైంది

2007కు ముందు పేదవాడికి గుండె ఆపరేషన్ అవసరమైతే చాలామందికి తెలిసిన దారి ఒక్కటే: ఎమ్మెల్యే దగ్గర లెటర్ రాయించుకుని ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవడం. డబ్బు వచ్చేది కొందరికే, అదీ పరిచయాలను బట్టి. ఆ ఏడాది ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది. మూడూ వెనకబడిన జిల్లాలే. 2008 నాటికి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకూ పథకం చేరింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది సరిపోకపోతే మరో 50 వేలు. మొదట్లో ఈ బాధ్యత స్టార్ హెల్త్ అనే ప్రైవేటు బీమా కంపెనీది. తర్వాత క్రమంగా ప్రభుత్వమే ఏర్పాటు చేసిన ఆరోగ్యశ్రీ ట్రస్టు చేతికి వచ్చింది.

ఆ రోజుల్లో ఇది చాలా పెద్ద మార్పు. పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం ఎక్కి, ఎవరినీ బతిమాలకుండా వైద్యం అడగగలిగాడు. దయగా వచ్చేది హక్కుగా మారింది. ఆ హక్కుకు మొదటి నుంచీ ఒక హద్దు ఉంది. జబ్బులన్నిటికీ కాదు, ఒక జాబితాలో ఉన్న చికిత్సలకే అది వర్తిస్తుంది.

రాష్ట్రం విడిపోయాక దారులు వేరయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మార్చి పరిమితిని రెండున్నర లక్షలు చేసింది. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు పెరిగింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. తెలంగాణ 2021లో కేంద్రం పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. 2023 డిసెంబరు 9న రేవంత్ రెడ్డి ప్రభుత్వం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. పేర్ల మార్పు వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు. పాత పేరున్న కార్డు చూసి "ఇది చెల్లుతుందా" అని కంగారు పడటం ఒక్కటే అదనం.

పరిమితి పెంచడం ఎందుకు తేలిక

ఆరోగ్యశ్రీ ఆసుపత్రి వేసిన బిల్లును చూసి డబ్బు కట్టదు. ప్రతి చికిత్సకూ ముందే ఒక ధర నిర్ణయించి ఉంటుంది. దాన్ని ప్యాకేజీ అంటారు. స్టెంట్ వేస్తే ఇంత, తుంటి ఎముక ఆపరేషన్‌కు ఇంత, ఒక విడత కీమోథెరపీకి ఇంత. బెడ్డు, మందులు, పరీక్షలు, డాక్టర్ ఫీజు, రోగికి భోజనం, అన్నీ ఆ ధరలోనే. ఆసుపత్రికి అంతకంటే ఎక్కువ ఖర్చయినా ట్రస్టు ఇచ్చేది అంతే.

ఈ ప్యాకేజీల్లో ఎక్కువ భాగం వేలల్లో ఉంటాయి. లక్ష దాటేవి తక్కువ. బైపాస్ సర్జరీ లాంటి పెద్ద ఆపరేషన్‌కు కూడా పది లక్షల పరిమితిలో చిన్న భాగమే ఖర్చవుతుంది. అంటే ఒకే ఏడాదిలో ఒక కుటుంబం మొత్తం పరిమితిని దాటడం చాలా అరుదు. అవయవ మార్పిడి, సుదీర్ఘమైన క్యాన్సర్ చికిత్స, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పెద్ద జబ్బులు రావడం లాంటి సందర్భాల్లోనే అది జరుగుతుంది. వాళ్లకు పెంపు ప్రాణాధారమే, అందులో సందేహం లేదు. మిగిలినవాళ్లకు పరిమితి 5 లక్షలైనా 25 లక్షలైనా అందే వైద్యం ఒకటే.

ప్రభుత్వం వైపు నుంచి లెక్క వేస్తే సంగతి ఇంకా స్పష్టం. పరిమితి పెంచితే ఖజానా మీద పడే భారం ఆ కొద్దిమంది వల్లే. ప్యాకేజీ ధర పెంచితే ప్రతి కేసు మీదా భారం పడుతుంది. కొత్త జబ్బు చేరిస్తే కొత్త కేసులన్నిటి భారమూ పడుతుంది. అందుకే పరిమితి ఒక్క ప్రకటనతో రెట్టింపవుతుంది, ధరలు మాత్రం ఏళ్ల తరబడి కదలవు. తెలంగాణలో చాలా కాలం తర్వాత 2024లో ప్యాకేజీ ధరలను సవరించి, 163 చికిత్సలను కొత్తగా చేర్చారు. దాంతో జాబితా 1,835కు చేరింది. రోగి కోణంలో చూస్తే పది లక్షల ప్రకటన కంటే ఇదే పెద్ద వార్త. దీనికి వచ్చిన ప్రచారం మాత్రం అందులో పదో వంతు లేదు.

ఆంధ్రప్రదేశ్ జాబితా ఇంకా పెద్దది. ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి లోపు ఉన్న చికిత్సలు ఇప్పుడు మూడు వేలు దాటాయి. 2019 తర్వాత "వైద్యం ఖర్చు వెయ్యి రూపాయలు దాటితే ఆరోగ్యశ్రీ" అని విస్తృతంగా చెప్పారు. అది విన్నవాళ్లు వెయ్యి దాటిన ఏ బిల్లయినా ప్రభుత్వమే కడుతుందని అనుకున్నారు. అమల్లో మాత్రం అక్కడా జాబితాలో ఉన్న చికిత్సకే వర్తింపు.

కౌంటర్ దగ్గర జరిగేది

నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే పథకం కింద గుర్తింపు ఉన్న ఆసుపత్రి రిసెప్షన్ పక్కన ఒక చిన్న డెస్కు ఉంటుంది. తెలంగాణలో అక్కడ కూర్చునే వ్యక్తిని ఆరోగ్యమిత్ర అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో వైద్యమిత్ర. ఛాతీ నొప్పితో వచ్చిన ఒక యాభై ఏళ్ల మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. మిత్ర ముందు కార్డు నంబరు, ఆధార్ చూసి పేరు సరిపోయిందో లేదో చూస్తారు. వేలిముద్ర తీసుకుని, రోగి ఫొటో తీసి ఆన్‌లైన్‌లో నమోదు చేస్తారు. డాక్టర్ ఈసీజీ, ఎకో, యాంజియోగ్రామ్ చేయించి స్టెంట్ అవసరమని రాస్తారు. ఆ రిపోర్టులన్నీ అప్‌లోడ్ చేసి ట్రస్టుకు అనుమతి కోసం పంపుతారు. ట్రస్టు డాక్టర్లు వాటిని చూసి ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, ఇంకో రిపోర్టు కావాలని తిప్పి పంపవచ్చు. వార్డు బయట బంధువులు పొద్దున్నుంచీ అడిగే "అప్రూవల్ వచ్చిందా?" అన్న ప్రశ్న దీని గురించే.

ప్రాణాపాయం ఉంటే ఈ వరస ఆగదు. ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తర్వాత పంపే వీలు నిబంధనల్లోనే ఉంది. "అప్రూవల్ వచ్చేదాకా ఐసీయూకు అడ్వాన్స్ కట్టండి" అని ఎవరైనా అంటే అడగాల్సిన మాట ఇది: ఎమర్జెన్సీ కేసుగా ఫోన్‌లో అనుమతి ఎందుకు తీసుకోలేదు?

అడ్వాన్స్ అడగడానికి అన్నిసార్లూ ఆసుపత్రి దురాశే కారణం కాదు. ఒక్కోసారి జబ్బేమిటో ఇంకా తేలి ఉండదు, తేలేదాకా ఏ ప్యాకేజీ కింద పెట్టాలో వాళ్లకూ తెలియదు. తీవ్రమైన జ్వరంతో నాలుగు రోజులు ఉంచి చివరికి మామూలు వైరల్ అని తేలితే, అది జాబితాలోకి రాకపోవచ్చు. ఒక్కోసారి ఆసుపత్రికి గుండె విభాగంలో మాత్రమే గుర్తింపు ఉంటుంది, ఎముకల విభాగంలో ఉండదు. బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఉంటుంది కాబట్టి, కాలు విరిగి వచ్చినవాళ్లు అన్నిటికీ వర్తిస్తుందనుకుని చేరిపోతారు. కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. అవసరం లేకుండా గర్భసంచి ఆపరేషన్లు చేస్తున్నారన్న విమర్శల తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఈ తరహా ఆంక్షలు మొదలయ్యాయి. ఆ విషయంలో అవి అవసరమే.

కాని అనుమతి వచ్చాక కూడా "ప్యాకేజీ సరిపోదు, పైన ఇంత కట్టండి" అనడం, "మంచి స్టెంట్ కావాలంటే తేడా మీది" అనడం నిబంధనలకు విరుద్ధం. ఈ పథకం నగదు రహితం. రోగి కట్టిన డబ్బును తర్వాత ట్రస్టు తిరిగి ఇచ్చే పద్ధతి మామూలుగా లేదు. అందుకే "ముందు కట్టండి, తర్వాత వచ్చేస్తుంది" అన్న మాటను నమ్మి కట్టే ముందు, అలా కట్టమని కాగితం మీద రాసివ్వమని అడగాలి, రశీదు తీసుకోవాలి. చాలా చోట్ల రాసివ్వమనగానే మాట మారుతుంది. మారకపోతే అక్కడి మిత్రకు చెప్పి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. డిశ్చార్జి అయ్యి ఊరికి వెళ్లాక చేసే ఫిర్యాదు కంటే బెడ్డు మీద ఉండగా చేసే ఫిర్యాదుకు బలం ఎక్కువ.

డిశ్చార్జి రోజు మరచిపోయేవి రెండున్నాయి. ప్యాకేజీలో ఇంటికి తీసుకెళ్లే పది రోజుల మందులు, తిరుగు ప్రయాణపు చార్జీలు కూడా భాగమే. కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు ఉచిత ఫాలోఅప్ కూడా ఉంది. ఎవరికి వర్తిస్తుందో మిత్రను అడిగితే చెప్పాలి.

కార్డులో ఎవరున్నారు

అర్హత గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఆదాయం గురించే అంటారు. నిజానికి ఎక్కువ ఇబ్బంది కార్డులో పేరు దగ్గర వస్తుంది.

తెలంగాణలో ఆహార భద్రత కార్డు, అంటే రేషన్ కార్డే ఆధారం. దానికి గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. ఏళ్ల తరబడి కొత్త కార్డులు ఇవ్వకపోవడం వల్ల పెళ్లయి వేరుపడిన జంటలు, కొత్తగా పుట్టిన పిల్లలు కార్డుకు బయటే ఉండిపోయారు. 2025లో కొత్త కార్డుల పంపిణీ మొదలయ్యాక చాలామందికి ఊరట దొరికింది. ఒక కుటుంబానికి రేషన్ బియ్యం అక్కర్లేకపోయినా ఆ కార్డు కోసం ఎందుకు తంటాలు పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. వాళ్లకు కావలసింది బియ్యం కాదు, ఆసుపత్రి భరోసా. బియ్యం అర్హతకూ వైద్యం అర్హతకూ ఒకే కొలత పెట్టడం సరికాదు. నెలకు ముప్పై వేలు సంపాదించే ఇల్లు బియ్యం కొనుక్కోగలదు, క్యాన్సర్ చికిత్స కొనుక్కోలేదు.

ఆంధ్రప్రదేశ్ ఆ పని 2019లోనే చేసింది. బియ్యం కార్డు నుంచి ఆరోగ్య కార్డును విడదీసి, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తింపజేసింది. మాగాణి అయితే 12 ఎకరాలు, మెట్ట అయితే 35 ఎకరాల దాకా భూమి ఉన్నా, సొంతానికి ఒక కారు ఉన్నా అర్హులే. దాంతో మధ్యతరగతిలో పెద్ద భాగం లోపలికి వచ్చింది. కారు ఉంది కదా అని తమకు రాదనుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకసారి గ్రామ, వార్డు సచివాలయంలో అడిగి చూసుకోవడం వాళ్లకు మేలు.

రెండు చోట్లా పరిమితి మనిషికి కాదు, కుటుంబానికి. సభ్యుల సంఖ్యకు గరిష్ఠ హద్దు లేదు. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు బీమాలో రెండు మూడేళ్లు ఆగాల్సిన బీపీ, షుగర్ సంబంధ సమస్యల విషయంలో ఇది గొప్ప సౌలభ్యం. ఒక ఏడాది వాడుకోని డబ్బు తర్వాతి ఏడాదికి కలవదు.

చిక్కు వచ్చేది కోడళ్ల విషయంలో. పెళ్లయ్యాక పుట్టింటి కార్డులో పేరు తీయిస్తారు, అత్తింటి కార్డులో చేర్చడం "తర్వాత చూద్దాం" అనుకుంటారు. ఆమెకు ఆపరేషన్ అవసరమైన రోజున ఏ కార్డులోనూ ఉండదు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, కార్డులో మరొకటి ఉండటం ఇంకో తలనొప్పి. ఆసుపత్రిలో ఉండగా ఇవి సరిచేయించడం నరకం. మనిషి బాగున్నప్పుడు మీసేవకో సచివాలయానికో వెళ్తే మామూలు పని.

ఈఎస్ఐ (తక్కువ జీతం ఉద్యోగుల వైద్య బీమా), సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), రైల్వే లాంటి వేరే ప్రభుత్వ వైద్య ఏర్పాట్లు ఉన్నవాళ్లను ఆరోగ్యశ్రీ మొదటి నుంచీ బయటే ఉంచింది. నెలకు 21 వేల లోపు జీతంతో ఈఎస్ఐ కోత పడే ఉద్యోగి ముందు ఈఎస్ఐ ఆసుపత్రికే వెళ్లాలి. ఉద్యోగం పోయి ఈఎస్ఐ వర్తింపు ఆగాక ఈ లెక్క మారుతుంది, ఆ సంగతి చాలామంది పట్టించుకోరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఈహెచ్‌ఎస్ అనే వైద్య పథకం వేరుగా ఉంది.

కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ఇచ్చే ఆయుష్మాన్ కార్డు గురించి గందరగోళం ఎక్కువ. 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైన ఈ పథకం కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వైద్యం, కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. కేంద్రం తన వాటా ఇచ్చేది 2011 సామాజిక ఆర్థిక గణన లెక్కల ఆధారంగా గుర్తించిన కుటుంబాల మేరకే. మన రెండు రాష్ట్రాల్లో కార్డులున్న కుటుంబాలు అంతకంటే చాలా ఎక్కువ, వాళ్ల ఖర్చంతా రాష్ట్రానిదే. ఆయుష్మాన్ కార్డుతో వేరే రాష్ట్రాల్లోనూ వైద్యం పొందే వీలుంది. సూరత్‌లోనో ముంబైలోనో ఉండే తెలుగు కూలీలకు ఇది ముఖ్యం. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో చేరే ముందే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి అడగాలి. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లోనూ తన కార్డుదారులకు సేవలు మొదలుపెట్టింది.

ఆభా నంబరు మాత్రం వేరు. పద్నాలుగు అంకెల ఆ నంబరు వైద్య రికార్డులు దాచుకోవడానికే. అది ఉంటే ఉచిత వైద్యం వస్తుందని అనుకోవడం పొరపాటు. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆయుష్మాన్ కిందే ఇచ్చే వయ వందన కార్డుకు మాత్రం ఆదాయంతో పని లేదు. 2024 అక్టోబరు 29న మొదలైన ఆ కార్డుకు ఆధార్‌లో వయసే ఆధారం. ఇంట్లో అప్పటికే ఆయుష్మాన్ ఉంటే పెద్దవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు వేరుగా లభిస్తాయి.

బకాయిలు ఎవరి మీద పడతాయి

ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ రోగిని చూసి ముఖం చిట్లించడానికి అసలు కారణం ట్రస్టు దగ్గర పేరుకుపోయే బకాయిలు. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఈ కారణంతోనే సేవలు ఆపేశాయి. చర్చలు జరుగుతాయి, కొంత డబ్బు విడుదలవుతుంది, సేవలు మళ్లీ మొదలవుతాయి, కొన్ని నెలలకు అదే కథ. మధ్యలో తేదీ ఇచ్చిన ఆపరేషన్ వాయిదా పడేది రోగిదే. చిన్న పట్టణాల్లోని నర్సింగ్ హోమ్‌లకు ఆరు నెలల బకాయి అంటే సిబ్బంది జీతాలు ఆగడం. పెద్ద ఆసుపత్రులు తట్టుకుంటాయి, కాని కార్డు రోగులకిచ్చే బెడ్లు తగ్గించేస్తాయి. "బెడ్లు లేవు, ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి" అన్న మాట ఇలా పుడుతుంది. పరిమితి పెంచిన ప్రభుత్వం సకాలంలో డబ్బు ఇవ్వకపోతే ఆ పెంపుకు అర్థం లేదు. ఈ విషయంలో ఏ పార్టీ ప్రభుత్వమూ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో యూనివర్సల్ హెల్త్ పాలసీని ఆమోదించింది. పేద, ధనిక తేడా లేకుండా కుటుంబానికి ఏడాదికి రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీలు చూసుకుంటాయి, పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు భరిస్తుంది. అందరికీ వర్తింపు అన్న భాగం స్వాగతించాల్సిందే. దానివల్ల పేరు, ఆదాయం, రేషన్ కార్డు తగాదా చాలా వరకు పోతుంది. బీమా భాగం దగ్గరే జాగ్రత్త అవసరం. ముందే చూసినట్టు అత్యధిక చికిత్సలు రెండున్నర లక్షల లోపే ఉంటాయి. అంటే దాదాపు ప్రతి రోగికీ అనుమతి చెప్పేది ఇకపై కంపెనీ అవుతుంది. ట్రస్టు తిరస్కరిస్తే ప్రజలు ఎమ్మెల్యేను నిలదీస్తారు, మంత్రికి అర్జీ పెడతారు. కంపెనీ తిరస్కరిస్తే ఎవరిని అడగాలి, ఎన్ని గంటల్లో జవాబు రావాలి, తిరస్కరణ తప్పని తేలితే కంపెనీకి జరిమానా ఎంత అన్నవి ఒప్పందంలో రాసి, తెలుగులో బయట పెట్టాలి. బీమా కంపెనీతో మొదలై ట్రస్టుకు మారిన రాష్ట్రం మళ్లీ అటు వెళ్తున్నప్పుడు ప్రజలు అడగాల్సినవి ఇవే.

ఇక ఏ పరిమితీ తాకని ఖర్చు ఒకటుంది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు, ఊళ్లో డాక్టర్‌కిచ్చే ఫీజు, రక్త పరీక్షలు నెలనెలా జేబులోంచే పోతాయి. దేశం మొత్తం మీద వైద్యం ఖర్చులో జనం సొంతంగా పెట్టుకునే వాటా 2013-14లో 64 శాతం ఉండేది, 2021-22 నాటికి 39 శాతానికి తగ్గింది. మంచి మార్పే, అయినా పది రూపాయల్లో నాలుగు ఇంకా ఇంటివే. షుగర్ మాత్ర క్రమంగా వేసుకోలేని మనిషికే కొన్నేళ్లకు కిడ్నీ దెబ్బతిని డయాలసిస్ అవసరమవుతుంది, అప్పుడు ప్రభుత్వమే దానికి ఏళ్ల తరబడి డబ్బు కడుతుంది. పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్రలు నెల తప్పకుండా దొరికేలా చూడటానికి అయ్యే ఖర్చు దాంతో పోలిస్తే చాలా తక్కువ. ఆ సరఫరా ఎన్ని మండలాల్లో నెలకు ఎన్ని రోజులు ఆగిపోతోందో ప్రతి జిల్లా అధికారీ నెలనెలా ప్రకటించేలా చేయడం కొత్త చట్టం అక్కర్లేని పని, రేపే మొదలుపెట్టవచ్చు.